31వ వరుసలో తట్టు: పాతిక గంటల కాంటాక్ట్ ట్రేసింగ్

గురువారం సాయంత్రం ఆరు గంటలకు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. తట్టు కేసు, పీసీఆర్ పాజిటివ్, పాతికేళ్ల లోపు యువకుడు, ఆదివారం పొద్దున విదేశం నుంచి విమానంలో దిగాడు. నేను రెండే ప్రశ్నలు అడిగాను. దద్దుర్లు మొదట ఏ రోజు కనిపించాయి? విమానం ఎన్నింటికి ఎక్కాడు? అవతలి డాక్టరు గారు దిగిన టైము చెప్పారు. నాకు కావలసింది ఎక్కిన టైము.

ప్రజారోగ్య విభాగంలో అంటువ్యాధుల పని చేసేవాళ్లకు ఈ రెండో ప్రశ్న ఎందుకో తెలుసు. మిగతావాళ్ల కోసం ఈ కేసు మొత్తం రాస్తున్నాను. రోగినీ తోటి ప్రయాణికులనూ ఎవరూ గుర్తుపట్టకుండా వయసులూ సీటు నంబర్లూ కొన్ని మార్చాను. గంటల లెక్క మాత్రం మార్చలేదు. ఈ కేసంతా దాని మీదే నడిచింది.

గడియారం లెక్క

తట్టు ఉన్న మనిషి దద్దుర్లు రావడానికి నాలుగు రోజుల ముందు నుంచి, వచ్చాక నాలుగు రోజుల దాకా వైరస్‌ను గాలిలోకి వదులుతూనే ఉంటాడు. అతను గది వదిలి వెళ్లిపోయాక కూడా ఆ గాలిలో వైరస్ రెండు గంటల వరకూ నిలిచి ఉండగలదు. రోగనిరోధక శక్తి లేని పదిమంది దగ్గరగా మసిలితే తొమ్మిది మందికి సోకుతుంది. మా రోగికి చెవుల వెనక మొదటి దద్దుర్లు కనిపించింది మంగళవారం రాత్రి. అక్కణ్నుంచి నాలుగు రోజులు వెనక్కి లెక్కపెడితే శుక్రవారం. విమానం ఎక్కింది మన గడియారం ప్రకారం శనివారం సాయంత్రం ఏడింటికి. అంటే ప్రయాణమంతా అంటించే రోజుల్లోనే జరిగింది.

గడియారాల గురించి ఇక్కడ ఒక మాట. బయలుదేరిన ఊరి టైము, దిగిన ఊరి టైము, ఎయిర్‌లైన్ వాడే యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక) టైము మూడూ వేరువేరు. ముగ్గురు మనుషులు మూడు గడియారాలతో మాట్లాడుకుంటే గడువు లెక్క తప్పిపోతుంది. మా బోర్డు మీద మొదటి గీతకు ముందే 'అన్నీ మన టైములోనే' అని రాసుకుంటాం.

సోకే అవకాశం మొదలైన క్షణం నుంచి 72 గంటల లోపు ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా వేస్తే జబ్బు రాకుండా ఆపగలం. 6 రోజుల లోపు ఇమ్యునోగ్లోబులిన్, అంటే సిద్ధంగా ఉన్న యాంటీబాడీల మందు, ఇస్తే ఆపగలం, లేదా తీవ్రత తగ్గించగలం. శనివారం సాయంత్రం ఏడు నుంచి 72 గంటలంటే మంగళవారం సాయంత్రం ఏడు. అప్పటికి ఆ కుర్రాడి ఒంటి మీద ఒక్క దద్దురు కూడా లేదు. టీకా గడువు జబ్బు బయటపడకముందే తీరిపోయింది. విమాన ప్రయాణాల తట్టు కేసుల్లో ఇది అరుదేం కాదు, నేను చూసిన వాటిలో చాలావరకూ ఇలాగే జరిగింది.

మిగిలింది ఆరు రోజుల గడువు. అది శుక్రవారం సాయంత్రం ఏడుకు ముగుస్తుంది. ఫోన్ వచ్చింది గురువారం ఆరింటికి. మా చేతిలో ఉన్నది పాతిక గంటలు. దిగిన టైము నుంచి లెక్కపెట్టి ఉంటే ఇంకో పదకొండు గంటలు ఉన్నాయని భ్రమపడేవాళ్లం.

బుధవారమే ఆ కుర్రాణ్ని చూసిన డాక్టరుకు తట్టు అనుమానం వచ్చింది. జ్వరం, దగ్గు, కారే ముక్కు, ఎర్రబడ్డ కళ్లు, బుగ్గల లోపల తెల్లటి కోప్లిక్ మచ్చలు, ముఖం నుంచి ఛాతీకి దిగుతున్న దద్దుర్లు, వారం లోపు విదేశీ ప్రయాణం. ఇంతకన్నా స్పష్టమైన చిత్రం పుస్తకాల్లోనే ఉంటుంది. గొంతు నుంచి నమూనా తీశారు, మాస్కు వేసి విడిగదిలో పెట్టారు, అన్నీ సరిగ్గానే చేశారు. మాకు చెప్పడానికి మాత్రం ల్యాబ్ రిపోర్టు కోసం ఆగారు. అనుమానం కలిగిన రోజే చెప్పి ఉంటే మా పాతిక గంటలు నలభై తొమ్మిది అయ్యేవి. వారిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. తట్టును అనుమానం మీదే తెలియజేయాలని మేం ప్రతి ఆసుపత్రికీ ఏటా చెబుతాం, ఏటా ఎక్కడో ఒకచోట ఆగుతుంది. తప్పుడు హెచ్చరిక చేశామన్న పేరు వస్తుందని భయం. దయచేసి ఆ భయం వదిలేయండి. తప్పుడు హెచ్చరికల కోసం నేను పది రాత్రులు మేలుకోవడానికి సిద్ధం.

ఎయిర్‌లైన్‌ను ఏం అడగాలి

వాడుకలో ఉన్న పద్ధతి ఇది: రోగి కూర్చున్న వరుస, ముందు రెండు, వెనక రెండు వరుసలు, విమానంలో ఎక్కడున్నా సరే ఒళ్లో కూర్చోబెట్టుకున్న పసిపిల్లలందరూ, ఆ క్యాబిన్‌లో పనిచేసిన సిబ్బంది. క్షయకైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం ఎనిమిది గంటలు దాటిన ప్రయాణాలనే పట్టించుకుంటాం. తట్టుకు అలాంటి వెసులుబాటు లేదు, గంట ప్రయాణమైనా లెక్కలోకి వస్తుంది.

మా రోగి సీటు 31 సి, నడవ పక్కన. వరుసకు తొమ్మిది సీట్లు. 29 నుంచి 33 దాకా అయిదు వరుసలంటే నలభై అయిదు సీట్లు. అందులో నాలుగు ఖాళీ, ఒకటి రోగిది. మిగిలింది నలభై మంది. వీళ్లకు తోడు ఒళ్లో పిల్లలు నలుగురు, వెనక క్యాబిన్ సిబ్బంది అయిదుగురు. మొత్తం 49.

ఈ అంకెలన్నీ చేతికి రావడానికే అయిదున్నర గంటలు పోయాయి. ఎయిర్‌లైన్ డ్యూటీ డెస్కులో ఉన్న ఆవిడ మంచిగానే మాట్లాడారు. కానీ ప్రయాణికుల వివరాలు ఇవ్వాలంటే రాతపూర్వకమైన చట్టబద్ధ అభ్యర్థన కావాలి, అది వాళ్ల న్యాయవిభాగానికి వెళ్లాలి, మామూలుగా రెండు రోజులు పడుతుంది అన్నారు. ఆవిడ చెప్పింది నిజమే. ప్రయాణికుల గోప్యత చిన్న విషయం కాదు, అడిగిన ప్రతివాడికీ జాబితా ఇచ్చే సంస్థను నేనూ నమ్మను. ఉత్తరం పదిహేను నిమిషాల్లో పంపాం. ఏ చట్టం కింద, ఏ జబ్బుకు, ఏ వరుసల వివరాలు, ఎంతకాలం ఉంచుకుంటామన్న నాలుగు వాక్యాలు సిద్ధంగా పెట్టుకున్న ఉత్తరమది, ఖాళీలు పూరించడమే పని.

అసలు ఉపయోగపడింది ఇంకొకటి. మొత్తం జాబితా అడగడం మానేసి అభ్యర్థనను రెండు ముక్కలు చేశాం. "మొదట ఒళ్లో పిల్లలున్న టికెట్లు మాత్రమే ఇవ్వండి, మిగతాది తెల్లవారేలోపు" అని అడిగాం. రెండేళ్ల లోపు పిల్లలకు సీటు ఉండదు కాబట్టి సీటు పటంలో వాళ్లు కనిపించరు. తల్లి పేరో తండ్రి పేరో పక్కన ఐఎన్ఎఫ్ అన్న మూడు అక్షరాలుగా మాత్రమే ఉంటారు. ఆ అక్షరాలతో వెతికితే ఒక్క తెరలో వచ్చేస్తారు. ఏడున్నరకు నలుగురు పిల్లల తల్లిదండ్రుల పేర్లూ ఫోన్ నంబర్లూ మా దగ్గరున్నాయి. మిగతా జాబితా రాత్రి పదకొండున్నరకు వచ్చింది.

ఇంకో జాగ్రత్త. బుకింగ్‌లో ఉన్న సీటు వేరు, చెక్-ఇన్ కౌంటర్‌లో చివరికి ఇచ్చిన సీటు వేరు. డిపార్చర్ కంట్రోల్ సిస్టమ్‌లోని తుది జాబితా కావాలని నోటితో స్పష్టంగా అడగాలి, లేకపోతే నెలక్రితం ఎంచుకున్న సీట్లు పంపేస్తారు. ఆ తుది జాబితా కూడా ఎల్లకాలం నిలవ ఉండదు, కొద్ది రోజుల్లో చెరిగిపోవచ్చు.

వరుసలవారీగా పిలవలేదు

కొత్తగా చేరినవాళ్లు సహజంగా 29 ఎ తో మొదలుపెట్టి 33 కె దాకా వరసగా ఫోన్లు చేస్తారు. నలభై తొమ్మిది మందినీ సమానంగా చూసినట్టు ఉంటుంది. ఆ సమానత్వం వల్ల నష్టపోయేది పసివాళ్లు. రెండు డోసులు వేయించుకున్న పెద్దమనిషికి ఇవాళ ఫోన్ చేసినా సోమవారం చేసినా తేడా ఏమీ ఉండదు. అయిదు నెలల పాపకు ఈ పాతిక గంటలే అన్నీ. అందుకని మేం పెట్టుకున్న క్రమం ఇది: ఒళ్లో పిల్లలు, గర్భిణులు, రోగనిరోధక శక్తి దెబ్బతిన్నవాళ్లు, ఆ తర్వాత టీకా వేయించుకోనివాళ్లు, చివర్లో మిగతావాళ్లు. పిల్లలెవరో జాబితా చెప్పేస్తుంది. గర్భిణులెవరో, కీమోథెరపీ తీసుకుంటున్నదెవరో ఏ జాబితా చెప్పదు. దానికి అందరికీ ఫోన్ చేయాల్సిందే. అందుకే ప్రతి ఫోన్‌లో మొదటి ప్రశ్నలు వీటి గురించే పెట్టాం, టీకా చరిత్ర తర్వాత అడిగాం.

రాత్రిపూట తెలియని నంబరు నుంచి ఫోన్ చేసి "మీరు ఎక్కిన విమానం గురించి" అంటే ఎవరైనా మోసమనుకుంటారు. మొదటి ముగ్గురిలో ఇద్దరు పెట్టేశారు. నాలుగో ఫోన్ నుంచి మాట మార్చాం. మా పేరు, విభాగం చెప్పి, "నన్ను నమ్మాల్సిన పనిలేదు, మా విభాగం వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు మీరే తిరిగి చేయండి, నా పేరు అడగండి" అన్నాం. దాదాపు అందరూ అయిదు నిమిషాల్లో తిరిగి చేశారు.

ఒక తల్లితో జరిగిన సంభాషణ నా నోట్సులో ఉంది.

"పాపకు ఎన్ని నెలలమ్మా?"

"అయిదు నిండాయి డాక్టరు గారూ. ఏమైంది?"

"మీ విమానంలో ఒకరికి తట్టు ఉందని తేలింది. పాపకు సోకి ఉండొచ్చు, సోకకపోయీ ఉండొచ్చు. సోకినా జబ్బు ముదరకుండా ఆపే ఇంజెక్షన్ ఉంది. రేపు సాయంత్రం ఏడు లోపు ఇవ్వాలి."

"మేం ఎనిమిదో వరుసలో కూర్చున్నామండి. ఎవరూ దగ్గలేదు. ఎవరికండీ ఆ జబ్బు?"

"పేరు చెప్పలేనమ్మా. మీ వివరాలు కూడా ఇంకెవరికీ చెప్పం. పాప బరువెంత?"

బరువు అడగడం కావాలనే. బెంబేలెత్తిన మనిషికి జవాబు తెలిసిన ఒక చిన్న ప్రశ్న వేస్తే మాట నిలబడుతుంది, మాకూ డోసు లెక్కకు పనికొస్తుంది. ఏడు కిలోల పాప. కిలోకు 0.5 మిల్లీలీటర్ చొప్పున మూడున్నర మిల్లీలీటర్లు, రెండు తొడల్లో పంచి ఇవ్వాలి. ఆసుపత్రికి వచ్చేముందు ఫోన్ చేయమని, వెయిటింగ్ హాల్లో కూర్చోవద్దని, పక్క ద్వారం దగ్గర మా నర్సు ఉంటారని చెప్పాం. ఆ జాగ్రత్త మరిచిపోతే ఒక విమానం సమస్య ఒక ఆసుపత్రి సమస్యగా మారుతుంది.

నలుగురు పిల్లల్లో పద్నాలుగు నెలల బాబుకు మొదటి ఎంఎంఆర్ పడింది, అతనికి ఇంజెక్షన్ అక్కర్లేదు. అయిదు, ఎనిమిది నెలల పాపలకు శుక్రవారం మధ్యాహ్నం లోపు ఇమ్యునోగ్లోబులిన్ ఇచ్చేశాం. పది నెలల బాబు కుటుంబం దిగీదిగగానే మరో విమానంలో వేరే దేశం వెళ్లిపోయింది. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు 2005 కింద ప్రతి దేశానికీ ఇరవై నాలుగు గంటలూ అందుబాటులో ఉండే జాతీయ ఫోకల్ పాయింట్, అంటే ఇతర దేశాలతో సమాచారం ఇచ్చిపుచ్చుకునే కార్యాలయం, ఉండాలి. మా దేశపు ఫోకల్ పాయింట్ ద్వారా ఆ దేశానికి రాత్రి ఎనిమిదింటికే సందేశం వెళ్లింది. వాళ్లు చకచకా కదిలారు. కుటుంబం ఇచ్చిన చిరునామాలో లేదు, బంధువుల ఇంట్లో ఉంది. బాబు దొరికేసరికి శనివారం తెల్లవారుజాము. గడువు దాటి తొమ్మిది గంటలు. ఇంజెక్షన్ ఇవ్వలేదు, ఇరవై ఒక్క రోజులూ రోజూ చూశారు. ఆ బాబుకు జబ్బు రాలేదు. అది మా గొప్ప కాదు.

కాగితం మీద 12, నిజంగా 32

శుక్రవారం పొద్దున పదింటికి 32వ వరుసలోని ఒక పెద్దాయనకు మా సహోద్యోగి ఫోన్ చేసింది. టీకా వివరాలు అడగబోతుంటే ఆయన అన్నారు: "నేనక్కడ కూర్చోలేదమ్మా. ఒకావిడ తన భర్త పక్కన కూర్చుంటానని అడిగితే సీటు మార్చుకున్నాను. నేను 12లో కూర్చున్నాను."

మా జాబితాలో 12వ వరుస లేదు. ఆ ఒక్క వాక్యంతో ఆవిడను వెతికాం. ఇరవై వారాల గర్భిణి. చిన్నప్పుడు టీకా వేశారో లేదో తెలియదు. గర్భంతో ఉన్నవాళ్లకు ఎంఎంఆర్ ఇవ్వకూడదు, అది బతికున్న వైరస్ టీకా. తట్టు సోకితే న్యుమోనియా ప్రమాదం వాళ్లకు ఎక్కువ, గర్భస్రావం, నెలలు నిండని కాన్పు అవకాశాలూ పెరుగుతాయి. పదకొండింటికి రక్తం తీశాం, ల్యాబ్ వాళ్లు మిగతా పని ఆపి ఐజీజీ (తట్టును ఎదుర్కొనే యాంటీబాడీలు రక్తంలో ఉన్నాయా అన్న పరీక్ష) చూశారు. మూడింటికి ఫలితం: రోగనిరోధక శక్తి లేదు. శిరలోకి ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ కిలోకు 400 మిల్లీగ్రాములు. అరవై కిలోల ఆవిడకు 24 గ్రాములు. అయిదింటికి డ్రిప్ మొదలైంది. గడువుకు రెండు గంటలు ఉంది.

ఆ పెద్దాయన "అవును, అక్కడే కూర్చున్నా" అని మర్యాదకు తల ఊపి ఉంటే ఆవిడ మాకు దొరికేది కాదు. అప్పటి నుంచీ మా ప్రశ్నావళిలో 'మీ సీటు 32 డి కదా' అని ఉండదు, 'మీరు ఎక్కడ కూర్చున్నారు, పక్కన ఎవరున్నారు' అని ఉంటుంది. జవాబు నోట్లో పెట్టే ప్రశ్న వేస్తే వచ్చేది మన జవాబే.

పాతిక గంటలూ ముగిసేసరికి 49 మందిలో 38 మంది లెక్క తేలింది. సిబ్బంది అయిదుగురిలో నలుగురి దగ్గర రెండు డోసుల రికార్డు ఉంది. అయిదో ఆవిడను ఐజీజీ ఫలితం వచ్చేదాకా డ్యూటీకి పంపలేదు, వచ్చాక పంపారు. మిగిలిన పదకొండు మందిలో ఆరుగురు ఇతర దేశాల్లో ఉన్నారు, అయిదుగురి నంబర్లు టికెట్ కొన్న ట్రావెల్ ఏజెంట్లవి. టీకా లేని ముగ్గురు పెద్దవాళ్లకు గడువు దాటినా ఎంఎంఆర్ వేశాం. ఈసారికి అది ఆపకపోయినా ముందుముందు కాపాడుతుంది. వాళ్లను అయిదో రోజు నుంచి ఇరవై ఒకటో రోజు దాకా ఇంట్లోనే ఉండమన్నాం. ఇమ్యునోగ్లోబులిన్ తీసుకున్నవాళ్లకు ఆ గడువు ఇరవై ఎనిమిది రోజులు, ఎందుకంటే మందు జబ్బును ఆపకపోతే ఆలస్యంగా తెస్తుంది.

మేం అడగని ప్రశ్న

పదమూడో రోజు మరో ఆసుపత్రి నుంచి ఫోన్. మూడేళ్ల బాబు, జ్వరం, దగ్గు, దద్దుర్లు, తట్టు అనుమానం. ఈసారి ల్యాబ్ కోసం ఆగకుండా చెప్పారు. అదే విమానం. సీటు 19వ వరుసలో. మా రోగికి పన్నెండు వరుసల దూరం.

తర్వాత వైరస్ జన్యుక్రమం కూడా మా రోగి నమూనాతో సరిపోయింది.

ఆ బాబు ఏ జాబితాలోనూ లేడు. రెండు వరుసల లోపు కాదు. రెండేళ్లు దాటాయి కాబట్టి సొంత సీటుంది, ఒళ్లో పిల్లల్లో రాడు. ఏవో కారణాల వల్ల టీకాలు వాయిదా పడుతూ వచ్చాయట. శనివారం నాడు విమానంలోని అందరికీ ముందుజాగ్రత్తగా ఒక సందేశం పంపాం: దద్దుర్లో జ్వరమో వస్తే ముందు ఫోన్ చేసి డాక్టరు దగ్గరికి వెళ్లండి అని. ఆ కుటుంబం బుకింగ్‌లో ఉన్నది ట్రావెల్ ఏజెంటు నంబరు. సందేశం అక్కడికే వెళ్లింది, అక్కడే ఆగింది.

ఇంత దూరం ఎలా పాకిందో అర్థం కావాలంటే విమానంలో గాలి సంగతి తెలియాలి. ఎగురుతున్న విమానంలో గాలి పైనుంచి దిగి, కింద గోడల అంచుల్లోంచి బయటికి లాగబడుతుంది. వరుసల వెంట ముందుకూ వెనక్కూ పెద్దగా కదలదు. గంటకు ఇరవై నుంచి ముప్పై సార్లు గాలి మారుతుంది. దాదాపు సగం బయటి నుంచి కొత్తగా వచ్చేది, మిగతా సగం హెపా ఫిల్టర్ల గుండా తిరిగి వచ్చేది. ఆ ఫిల్టర్లు 0.3 మైక్రాన్ రేణువుల్లో 99.97 శాతం పట్టేస్తాయి. రెండు వరుసల నియమానికి ఉన్న బలమంతా ఇదే. అయితే ఇదంతా వ్యవస్థ నడుస్తున్నప్పటి మాట. 1977లో అలాస్కాలో ఇంజిన్ చెడి నేల మీద మూడు గంటలు నిలిచిపోయిన విమానంలో గాలి వ్యవస్థ నడవలేదు. ఫ్లూ ఉన్న ఒక్క మనిషి నుంచి, లోపలున్న 54 మందిలో 72 శాతం మంది మూడు రోజుల్లో జబ్బుపడ్డారు. 2003 మార్చిలో హాంకాంగ్ నుంచి బీజింగ్ వెళ్లిన విమానంలో సార్స్ సోకినవాళ్లలో రోగికి చాలా వరుసల దూరాన కూర్చున్నవాళ్లూ ఉన్నారు. తట్టులో కూడా రెండు వరుసల బయట సోకిన సందర్భాలు వైద్యపత్రికల్లో చాలానే వచ్చాయి. రెండు వరుసలన్నది ఉన్న మనుషులతో, ఉన్న గంటల్లో ఎంతమందిని చేరగలమన్న అంచనా మీద పెట్టుకున్న సరిహద్దు. వైరస్ దగ్గర ఆ కొలబద్ద లేదు.

బాబు కేసు వచ్చాక మా రోగి దగ్గరికి మళ్లీ వెళ్లాను. అప్పటికి కోలుకున్నాడు. "బాబుకు నా వల్లే కదా" అన్నాడు. అతనికి ఆ రాత్రి తట్టు ఉందని తెలియదు, ఒంట్లో బాగాలేదని మాత్రమే తెలుసు. ఆ మాటే చెప్పాను, రెండుసార్లు చెప్పాను. తర్వాత ఆ ప్రయాణం మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చెప్పమన్నాను. సీటు గురించి కాదు, అడుగుల గురించి. అప్పుడు తెలిసింది. తలుపులు మూశాక గంటన్నర విమానం కదల్లేదు. లోపల ఉక్కపోత. తోకలో ఉండే చిన్న ఇంజిన్, ఏపీయూ, పనిచేయడం లేదని తర్వాత సిబ్బంది చెప్పారు. బయటి నుంచి గాలి గొట్టం తగిలించేదాకా ఏసీ లేదు. జ్వరంతో ఊపిరాడక అతను లేచి మధ్య గ్యాలీ (సిబ్బంది భోజనాలు సిద్ధం చేసే చోటు) దగ్గర, చల్లగా ఉంటుందేమోనని, చాలాసేపు నిలబడ్డాడు. ఆ గ్యాలీ పక్కనే 19వ వరుస.

గురువారం రాత్రి మా మొదటి ఇంటర్వ్యూలో 'ఎక్కడ కూర్చున్నారు' అని అడిగాం. 'ఎక్కడ నిలబడ్డారు' అని అడగలేదు. విమానం ఆలస్యమైందా, గాలి ఆడిందా అని ఎయిర్‌లైన్‌ను అడగలేదు. ఆ రెండూ తెలిసి ఉంటే 17 నుంచి 21 దాకా వరుసలను జాబితాలో చేర్చేవాళ్లం. అలా చేర్చినా ఏజెంటు నంబరు దాటి ఆ కుటుంబాన్ని గడువులో పట్టుకునేవాళ్లమా? చెప్పలేను. కానీ వెతికేవాళ్లం. ఆ రాత్రి ఇంటర్వ్యూ చేసింది నేనే.

బాబుకు న్యుమోనియా వచ్చింది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. రెండు రోజులు వరసగా విటమిన్ ఎ రెండేసి లక్షల యూనిట్లు, ఆక్సిజన్, యాంటీబయాటిక్. ఏడో రోజు ఇంటికి వెళ్లాడు. బాబు చుట్టూ మళ్లీ కొత్త జాబితా, కొత్త గడియారం. ఆ రెండో వలయంలో ఎవరికీ సోకలేదు.

విమానంలోనే తెలిసి ఉంటే

మా రోగి ప్రయాణంలో సిబ్బందిని జ్వరం మాత్ర అడిగాడు, ఇచ్చారు. అప్పటికి దద్దుర్లు లేవు, దగ్గుతూనే ఉన్నాడు. 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకన్నా ఎక్కువ జ్వరంతో పాటు ఆగని దగ్గు ఉంటే అంటువ్యాధి అనుమానించాలని క్యాబిన్ సిబ్బందికి నేర్పే ప్రమాణాల్లోనే ఉంది. అలాంటి ప్రయాణికుడు ఉంటే దిగకముందే విమానాశ్రయానికి పైలట్ తెలియజేయాలని అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల 28వ అధికరణం చెబుతుంది. మాత్ర అడిగిన ప్రతివాడికీ జ్వరం చూడాలంటే ఎవరివల్లా కాదు, తొమ్మిది గంటలు నిలబడి పనిచేసే ఆ అమ్మాయిల కష్టం నాకు తెలుసు. కానీ అనుమానం వచ్చినప్పుడు ఒక మాస్కు, వీలైతే ఖాళీగా ఉన్న ఒక పక్క సీటు, అతన్ని చూసుకోవడానికి ఒక్కరే సిబ్బంది, పైలట్‌కు ఒక మాట, ఇవి చాలు. పైలట్ చెబితే ఆదివారం పొద్దున ఆరింటికి విమానం తలుపు దగ్గర మేం ఉండేవాళ్లం. సీట్లలో ఉండగానే లొకేటర్ ఫారాలు నింపించేవాళ్లం: నిజంగా కూర్చున్న సీటు, నిజంగా మోగే ఫోన్ నంబరు. తట్టు అని తేలకపోయినా ఆ కాగితాలు మా బీరువాలో ఉండేవి. బుధవారం అనుమానం మొదలైన గంటకే ఫోన్లు చేసేవాళ్లం.

ఇప్పుడు మా ఇంటర్వ్యూ పత్రంలో సీటు నంబరు కింద మూడు గీతలు చేర్చాం: ఎక్కేముందు ఎక్కడ వేచి ఉన్నారు, విమానంలో లేచి ఎక్కడెక్కడ నిలబడ్డారు, ఏ టాయిలెట్ వాడారు. ఎయిర్‌లైన్‌కు పంపే ఉత్తరంలో రెండు వాక్యాలు చేరాయి: తలుపులు మూశాక నేల మీద ఎంతసేపు ఉన్నారు, ఆ సమయంలో గాలి వ్యవస్థ నడిచిందా. ముప్పై నిమిషాలకు మించి ఆగిపోయిందంటే, పసిపిల్లల పైవయసును రెండు నుంచి అయిదేళ్లకు పెంచి, క్యాబిన్ మొత్తం పిల్లలను వెతుకుతాం. ఈ అయిదేళ్ల గీత మేం పెట్టుకున్నదే, ఏ మార్గదర్శకంలోనూ లేదు. పని పెరుగుతుందని మా బృందంలోనే ఇద్దరు వ్యతిరేకించారు. పెరుగుతుంది, నిజమే. ఆ తర్వాత ఒకసారి అలా వెతకాల్సి వచ్చింది, పదకొండు మంది పిల్లలు తేలారు, ఇద్దరికి టీకా లేదు.

ఇమ్యునోగ్లోబులిన్ తీసుకున్న పిల్లలకు వెంటనే ఎంఎంఆర్ వేస్తే పట్టదు, ఆరు నెలలు ఆగాలి. శిరలోకి తీసుకున్నవాళ్లు ఎనిమిది నెలలు. ఇన్ని నెలల తర్వాత ఏ ఇంట్లోనైనా మరిచిపోతారు. ఆ తేదీలు మా క్యాలెండర్‌లో రాసుకుని ఫోన్లు చేశాం. ఎనిమిదో వరుస పాప పదకొండు నెలలకు వచ్చింది, ఇంకో నెల ఆగి టీకా వేయించారు. ఎనిమిది నెలల పాపకు పద్నాలుగో నెలలో వేశారు. సీటు మార్చుకున్న ఆవిడకు ఎనిమిదో నెల నిండినప్పుడు ఫోన్ చేస్తే వెనకాల పసిబిడ్డ ఏడుపు వినిపించింది. "నాకా, బిడ్డకా టీకా?" అని అడిగింది. ముందు మీకు, బిడ్డకు తన తేదీ వచ్చినప్పుడు అన్నాను. రెండు తేదీలూ రాసుకోవడానికి పెన్ను తెచ్చుకుంటానని ఫోన్ పక్కన పెట్టింది.